సూదిమొన మీది సంవాదము

పంజగుట్ట కూడలి దాటి ఖైరతాబాదు వైపు పోవు రహదారి ప్రక్కన, నవాబు ఫక్రుల్‌ముల్క్ 1870 ప్రాంతమున సౌధము గట్టించుకొన్న గుట్టకును, నీటిపారుదల శాఖవారి జలసౌధకును చేరువగా, ఎర్రమంజిల్‌లో కాపురమున్న ఇరువురు వియ్యంకులలో ఒకరు కాలువల పనులలో తల నెరసిన ఇంజనీరు. రెండవవారు ఆపరేషను బల్ల తలాపున నిలిచి రోగికి మత్తు ఇచ్చుటయే వృత్తిగా జీవితము గడపిన వైద్యులు. ఇంజనీరుగారి మోకాళ్ళలో గుజ్జు అరిగినదని ఎక్స్‌రే చెప్పినది. ఆపరేషనుకు ఇంకను తొందర లేదని ఎముకల వైద్యుడు చెప్పెను. ఆక్యుపంక్చర్ చేయించుకొని చూడుమని కోడలు చెప్పినది. ఈ మూడు మాటలలో మూడవది ఆయనకు మింగుడు పడలేదు.

ఇంజనీరు: బావగారూ, మీ అమ్మాయి నన్నడుగకయే అమీర్‌పేటలో సూదుల వైద్యుని వద్ద నాకు అపాయింట్‌మెంటు తీసికొన్నది. మానిటరు చూడనిదే మాట్లాడని మీ యింట పుట్టిన పిల్లకు ఈ బుద్ధి ఎట్లు కలిగినదో మీరే సెలవియ్యవలెను. ఆ వైద్యశాలను నిన్ననే చూచి వచ్చితిని. గోడమీద మనిషి బొమ్మ; ఆ బొమ్మకు నడినెత్తినుండి కాలివ్రేళ్ళ దాక గీతలు; గీతలమీద చుక్కలు. 14 నాళములట, వానిపై 361 స్థానములట. వానిలో ‘చీ’ యను ప్రాణశక్తి ప్రవహించుచుండునట. అది యడ్డుపడిన నొప్పియట, సూది గుచ్చిన అడ్డు తొలగునట! నేను కాలువలవాడను. కాలువ యన్నచో దానికి గట్టుండవలెను, అడుగుండవలెను, తూముండవలెను, ఇంత వాలునకు ఇన్ని క్యూసెక్కులని లెక్క యుండవలెను. కోసి చూచిన కనబడని కాలువలో కొలిచి చూచిన తేలని నీరు పారుచున్నదన్నచో, ఏ ఇంజనీరు ఆ బిల్లు పాసు చేయును?

డాక్టరు: పాసు చేయవద్దు. ఆ నాళములను నేనును చూడలేదు. శవపరీక్ష చేసినవారెవరును చూడలేదు. అయితే మీరు కాలువల ప్రస్తావన తెచ్చితిరి గనుక ఒకమాట చెప్పెదను. క్రీస్తుకు పూర్వపు చివరి శతాబ్దులలో రూపు దిద్దుకొన్నదనెడు ‘హువాంగ్ దీ నైజింగ్’ అను చీనా వైద్యగ్రంథమునందు, శరీరములోని ముఖ్యమైన 12 నాళములను ఆ దేశపు 12 నదులతో ఒక్కొక్కటిగా జత చేసి చెప్పిన యధ్యాయము కలదు. శరీరమును కోసి చూచుట అరుదైన కాలమున, వరదలును కరవులును నిత్యము చూచు ప్రజలు తమ దేహమును తమ దేశమువలెనే ఊహించుకొనిరి. ఆ వ్రాసినవారిని మీ శాఖవారే యనుకొని క్షమింపుడు.

ఇంజనీరు: క్షమించితిని. కాని తప్పుడు పటము చేతబట్టి త్రవ్వినవానికి నీరెట్లు పడును?

డాక్టరు: ఒక్కొక్కమారు పడును. మలేరియా చెడుగాలి వలన వచ్చునని నమ్మి ఊరి మురుగును తీయించినవారు చెప్పిన కారణము తప్పు. అయినను ఆ యూళ్ళలో జ్వరములు తగ్గినవి. అసలు కారణము దోమయని రొనాల్డ్ రాస్ మనకు దూరము కాని బేగంపేటలో 1897 ఆగస్టులో కనుగొనువరకును, తప్పు సిద్ధాంతమే ఒప్పు పని చేయించినది. కారణము తప్పైనంత మాత్రమున ఫలము శూన్యమనరాదు. ఫలము కనబడినంత మాత్రమున కారణము నిజమనియు అనరాదు.

ఇంజనీరు: రాస్ దొర దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శినిలో క్రిమిని చూపెను. మీరేమి చూపుదురు?

డాక్టరు: నరములను చూపుదును. కండలోనికి దిగిన సూదిని అటునిటు మెలిపెట్టినపుడు రోగికి బరువు, తిమ్మిరి, లాగినట్లగుట మొదలైనవి తెలియును. చీనావారు దానిని ‘దే చీ’ యందురు. ఆ స్పర్శ నరముల వెంబడి వెన్నుపామును చేరి, అటనుండి మెదడునకు పోవును. పోయినచో, దేహము తనలోనే తయారుచేసికొను నల్లమందు జాతి పదార్థములు, ఎండార్ఫిన్లు, కొంత విడుదల యగునని ఒక వివరణ. 1977లో అమెరికాలో కొందరు పరిశోధకులు పంటికి విద్యుత్తు తాకించి నొప్పి పుట్టించి, చేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న స్థానమున సూది గుచ్చిరి. నొప్పి తట్టుకొను శక్తి పెరిగినది. తరువాత నాలొక్సోన్ ఇచ్చిరి. అది మార్ఫిన్‌కు విరుగుడు. నేనే ఎన్నియో మారులు వాడిన మందు. అది ఎక్కగానే సూదివలన వచ్చిన లాభము చాలవరకు పోయినది. ఉత్త భ్రాంతియే యైనచో విరుగుడు మందు దేనిని విరిచినట్లు? అయితే ఆ తరువాతి వారి ప్రయోగములన్నియు ఒకేమాట చెప్పలేదు; ఆ సంగతి దాచను.

ఇంజనీరు: మా మామ్మ పసిపిల్లలకు కడుపునొప్పి వచ్చిన సూది కాల్చి బొడ్డుచుట్టు వాతలు పెట్టించెడిది. పిల్లవాడు వాత మంటకు ఏడ్చి ఏడ్చి కడుపునొప్పి మాట మరచెడివాడు. దానికి మీరిప్పుడు ఎండార్ఫిన్లని పేరు పెట్టుచున్నారు.

డాక్టరు: ఒకచోటి బాధ మరొకచోటి బాధను అణచుట నిజమే, అందులో కొంత పాలు ఈ సూదులలోను ఉన్నదని నా యనుమానము. కాని వాత పుండగును, ఆ పుండు చీము పట్టును, పసివాని ప్రాణము మీదికి వచ్చును. దానిని దీనితో జత కట్టకుడు. చీనావారికిని కాల్చు వైద్యము కలదు. వినాయకచవితి పత్రిలో మనము మొదట పూజించు మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, నలిపి, దూదివలె చేసి, చర్మమునకు దగ్గరగా రాజవేసి వేడి తగిలింతురు. దానిని ‘మాక్సా’ యందురు. కాలినచోట బొబ్బలెక్కిన సందర్భములు లేకపోలేదు. మీకు షుగరు వలన పాదములలో స్పర్శ తక్కువ. ఆ పొగ మీ దరి చేరనీయకుడు.

ఇంజనీరు: ఆ దేశపు చక్రవర్తియే ఈ విద్యను తన యాస్థాన వైద్యశాలలో 1822లో నిషేధించినాడని చదివితిని. సొంత యింటివారు వెళ్ళగొట్టినదానిని మనమేల పీట వేసి కూర్చుండబెట్టవలెను?

డాక్టరు: చదివినది నిజమే. మరల నూరేండ్లు దాటిన తరువాత, కోట్ల జనమునకు వైద్యులు చాలక, మావో ప్రభుత్వము దానిని లేవనెత్తినది. పడమటి లోకమునకు అది యెక్కినది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకవర్గములోని జేమ్స్ రెస్టన్ పెకింగు వెళ్ళి, అక్కడ అపెండిసైటిస్ వచ్చి, ఆపరేషను చేయించుకొనెను. ఆపరేషను మామూలు మత్తుసూదితోనే జరిగినది. తరువాత కడుపుబ్బరమునకు మాత్రము ఆక్యుపంక్చర్ చేసిరి. ఆయన వ్రాసిన వ్యాసము చిలువలు పలువలై, సూదులతోనే మత్తు ఇచ్చి ఛాతీ కోసినారన్న కథలు మా ఆపరేషను గదుల దాక వచ్చినవి. ఆ ఫొటోలు చూచి మేమును నోరు తెరచితిమి. వానిలో పలుచోట్ల సూదులతో బాటు మత్తుమందులును, కోతచోట స్పర్శ చంపు మందులును ఇచ్చియుండిరని తరువాత తెలిసినది. కనుక సూదులతో ఆపరేషనన్న మాట మీతో ఎవరైన అన్నచో నవ్వి ఊరకుండుడు.

మన దేశమునకు ఇది వచ్చిన త్రోవ వేరు. 1938లో జపానుతో పోరాడుచున్న చీనాకు కాంగ్రెసు పంపిన వైద్యబృందములో అయిదుగురుండిరి. వారిలో షోలాపూరు వాడైన ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడనే 1942లో కన్నుమూసెను. శాంతారామ్ సినిమా వలన ఆయన పేరు నిలిచినది. మన పద్మశాలీలు మగ్గములు పెట్టి సగమూరు తెలుగు చేసిన షోలాపూరే అది. కాని ఆక్యుపంక్చర్ తెచ్చినది కోట్నీస్ కాదు, ఆయన శస్త్రవైద్యుడు. అదే బృందములోని బిజయ్ కుమార్ బసు 1950ల చివర మరల చీనా పోయి నేర్చి, కలకత్తాలో మొదలుపెట్టెను. పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ఇందుకొక చట్టమే 1996లో చేసినది.

ఇంజనీరు: ఆ వైద్యశాలలో ఒక పెద్దమనిషి, “ఇది చీనాది కాదండీ, మనదే; సుశ్రుతుడు చెప్పిన మర్మవిద్యయే” యని నాకు ఉపన్యాసమిచ్చెను. నాకు కాళ్ళు నొప్పి పుట్టి కూర్చుండిపోయితిని గాని, లేకున్న అప్పుడే వచ్చియుందును.

డాక్టరు: సుశ్రుతుడు 107 మర్మములను చెప్పినమాట నిజము. అవి దెబ్బ తగిలిన ప్రాణమునకో అవయవమునకో ముప్పు వచ్చు చోట్లు. శస్త్రము పట్టినవాడు తప్పించుకొని పోవలసిన చోట్లు. తప్పించుకొమ్మన్న చోట్ల జాబితాను గుచ్చుమన్న చోట్ల జాబితాగా చదువుట సుశ్రుతునకు గౌరవము కాదు.

ఇంజనీరు: సరే, కథలు చాలును. నా మోకాలి సంగతి చెప్పుడు. ఎవరైన కొలిచిరా?

డాక్టరు: కొలిచిరి. జర్మనీలో మీవంటి అరిగిన మోకాళ్ళవారు 1,007 మందిని చీటీలు వేసినట్లు మూడు వర్గములుగా విడదీసిరి. మొదటి వర్గమునకు చీనా శాస్త్రము చెప్పినచోట సూదులు. రెండవ వర్గమునకు శాస్త్రము చెప్పని చోట్ల పైపైన సూదులు. మూడవ వర్గమునకు సూదులు లేవు, వైద్యుని సందర్శనమును నొప్పిమాత్రలును మాత్రమే. వ్యాయామ చికిత్స అందరికిని కలదు. 26 వారముల తరువాత లెక్క చూడగా మొదటి వర్గములో నూటికి 53 మందికిని, రెండవ వర్గములో 51 మందికిని, మూడవ వర్గములో 29 మందికిని చెప్పుకోదగిన మేలు కనబడినది. 2006లో ప్రకటించిరి.

ఇంజనీరు: (లేచి నిలువబోయి, మోకాలు పట్టుకొని కూర్చుండి) ఏబదిమూడు, ఏబదియొకటి! బావగారూ, మా కొలతలలో ఆపాటి తేడాను మేము గేజి చదివినవాని కంటిపొర యందుము. గోడమీది బొమ్మ అక్కడనే కూలినది. చుక్క మీద గుచ్చినను, చుక్క తప్పి గుచ్చినను ఒకటే యైనప్పుడు, ఆ 361 చుక్కలు బట్టీ పట్టినవానికి నేనేల ఫీజు ఇయ్యవలెను?

డాక్టరు: చుక్కల విషయమున మీరే గెలిచినారు. నేనేమియు వాదింపను. కాని మూడవ అంకెను మీరు మ్రింగివేయుచున్నారు. 29 మంది! మన ఎముకల వైద్యుడు మీకిప్పుడు చేయుచున్నది ఆ మూడవ వర్గపు వైద్యమే. మాత్ర మింగి మింగి మీ కడుపులో మంట, మూత్రపిండముల మీద భారము. అట్టి వైద్యముకంటె, చుక్క తెలిసి గుచ్చినను తెలియక గుచ్చినను సూదులకు ఇంచుమించు రెట్టింపు మందికి ఊరట కలిగినదన్నచో, దానిని ఏ పద్దులో వ్రాయుదురు?

ఇంజనీరు: ఆశ యను పద్దులో. సూదులు గుచ్చుదురని వచ్చి, చీటీలో మూడవ వర్గము పడినవాడు మొగము వ్రేలవేసికొని ఇంటికి పోవును. వానికి నొప్పి యెట్లు తగ్గును? సూది పడినవాడు, ఇంత పొడిపించుకొన్న పిమ్మట తగ్గలేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడును.

డాక్టరు: అది నిజముగా బలమైన ఆక్షేపణ. సూది గుచ్చినవాడు ఎక్కడ గుచ్చుచున్నాడో తనకు తెలియకుండ చేయుట కష్టము గనుక, ఈ రంగమున కల్తీలేని ప్రయోగము దుర్లభము. మొద్దుమొన గలిగి చర్మమును తాకగనే పిడిలోనికి జరిగిపోవు సూదిని కూడ 1998లో జర్మనీవారే కల్పించిరి. రోగికి గుచ్చినట్లే తోచును, గుచ్చుట యుండదు. ఆక్యుపంక్చర్ ప్రయోగములు 39 ఏరి, 20,827 మంది రోగుల లెక్కలను ఒకచోట చేర్చి 2018లో చూచినవారు, దొంగసూది కంటె అసలు సూదికి కొంచెము మేలెక్కువ యనియు, ఆ వచ్చిన మేలులో ఏడాదికి నూటికి పదునైదు వంతులే తరిగినదనియు చెప్పిరి. కొంచెము మాత్రమే, బావగారూ. అంతకు మించి నా నోట పలికింపకుడు.

ఇంజనీరు: మరి ఆ కొంచెమును ప్రభుత్వములేమన్నవి?

డాక్టరు: తలకొక మాట. జర్మనీలో 2007 నుండి దీర్ఘకాలపు నడుమునొప్పికిని మోకాలినొప్పికిని బీమా సంస్థలు సూదుల ఖర్చు భరించుచున్నవి. బ్రిటనులోని ‘నైస్’ సంస్థ 2022లో అరిగిన కీళ్ళకు ఆక్యుపంక్చర్ ఇయ్యవద్దన్నది. అదే సంస్థ అంతకు ముందటి యేడు, ప్రత్యేక కారణము తేలని దీర్ఘకాలపు నొప్పులకు ఇచ్చి చూడవచ్చునన్నది.

ఇంజనీరు: ఒకే కొలతల పుస్తకము చూచి ఇద్దరు రెండు బిల్లులు వ్రాసినారన్నమాట.

డాక్టరు: మన యూరిలోనే జరిగిన ముచ్చట వినుడు. క్లోరోఫారం మత్తులో రోగులు ఉన్నట్లుండి చచ్చిపోవుచుండగా, మొదట ఆగునది గుండెయా శ్వాసయా యని తేల్చుటకు, రెసిడెన్సీ సర్జను లారీ పూనికతో, ఆరవ నిజాము ధనముతో, 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాదు కమిషనులు కూర్చున్నవి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ అను మహావైద్యుడే వచ్చెను. వందల జంతువులపై ప్రయోగించి, శ్వాసయే ముందాగును, గుండెకు భయము లేదని తేల్చిరి. ఇరువదియేండ్లు దాటిన తరువాత, 1911లో, లెవీ అను నాతడు స్వల్పపు మత్తులోనే గుండె తటాలున ఆగగలదని పిల్లులపై చూపెను. శ్వాసను కనిపెట్టి యుండుమన్న వారి హెచ్చరికను నేను ఉద్యోగమున్నంత కాలము పాటించితిని. గుండెకు భయము లేదన్న తీర్పును ఒక్కనాడును నమ్మలేదు. సూదుల విషయమునను నాది అదే పద్ధతి.

ఇంజనీరు: అనగా నేను పోవలెననియే మీ తీర్పు. పోయిన తరువాత ఏమగునో చెప్పుడు. గుచ్చించుకొనువాడను నేను గదా.

డాక్టరు: మొదట నాడి చూచును, నాలుక చూచును, నిద్రను గూర్చి, ఆకలిని గూర్చి అడుగును. మీరు వాడు మందులన్నియు అప్పుడే చెప్పవలెను. తరువాత పడుకొనబెట్టును, కూర్చుండి గుచ్చించుకొనకుడు, కొందరికి కళ్ళు తిరుగును. పరగడుపున పోకుడు; ఇడ్లీయో ఉప్మాయో తిని పొండు. సూది బోలు కాదు, మందేమియు ఎక్కింపరు. లావు మిల్లీమీటరులో పావువంతు, అనగా 0.25; మీరెరిగిన ఇంజెక్షను సూదిలో సగమైన ఉండదు. సన్నని ప్లాస్టిక్ గొట్టములో దానిని నిలిపి, పైనుండి వ్రేలితో టక్కున తట్టుదురు. గొట్టము తీసివేసిన సూది నిలిచియుండును. మీకు మోకాలిచిప్ప దిగువ ఇరుప్రక్కల గుంటలలో రెండు, చిప్పకు నాలుగు వ్రేళ్ళ క్రింద ముంగాలి ఎముక వెలుపల ఒకటి, మరికొన్ని. ఇరువది ముప్పది నిముషములు అట్లే ఉంతురు. ఒక్కొక్కరు సూదులకు క్లిప్పులు పెట్టి సన్నని విద్యుత్తు పంపుదురు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దానికి ఒప్పుకొనరాదు.

ఇంజనీరు: ముప్పు?

డాక్టరు: జర్మనీలోనే 2,29,230 మందిని గమనించిరి. నూటికి ఎనిమిది తొమ్మండుగురికి ఏదో యొక ఇబ్బంది: ఎక్కువగా రక్తపు చుక్క, కమిలిన మచ్చ, నొప్పి. వైద్యము కావలసి వచ్చినవారు నూటికి ఇద్దరు. ఛాతీమీద లోతుగా గుచ్చుటచే ఊపిరితిత్తి చుట్టు గాలి చేరినవారు మొత్తముమీద ఇద్దరు. మీ మోకాలికి ఆ భయము లేదు. రక్తము పలచబడు మందులు వాడువారు, గర్భిణులు, పుండ్లున్నవారు ముందుగా చెప్పితీరవలెను. అన్నిటికంటె పెద్ద భయము మరుగబెట్టి తిరిగి వాడు సూది. పచ్చకామెర్ల వైరసులు దానివెంట వచ్చును. కొత్త ప్యాకెట్టు మీ యెదుట చింపనిచో చెప్పులు తొడుగుకొని లేచిరండు.

ఇంజనీరు: ప్యాకెట్టు చింపువాడు ఏమి చదివెనో నాకెట్లు తెలియును? అది అమీర్‌పేట, బావగారూ. మైత్రీవనం చుట్టుప్రక్కల మూడు నెలలలో జావా నేర్పుదురు. అంతకంటె తక్కువ దినములలో ఆక్యుపంక్చర్ నేర్పువారుండరని ఏమి నమ్మకము?

డాక్టరు: అనుమానము న్యాయము. కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో దీనిని చికిత్సావిధానముగాను, 2019లో స్వతంత్ర పద్ధతిగాను గుర్తించినది. కాని గుర్తింపు బోర్డునకు కాదు, చదువునకు. అదే అమీర్‌పేటకు దాపున ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయమును, గాంధీ ప్రకృతి వైద్య కళాశాలయు కలవు; అయిదున్నర యేండ్ల బి.ఎన్‌.వై.ఎస్‌. చదువులో ఆక్యుపంక్చర్ ఒక పాఠ్యాంశము. అట్టివాడో, డాక్టరీ చదివి ఆపై ఇది నేర్చినవాడో అయిన చాలును. సిగ్గుపడక అడుగుడు. మరియొకటి: షుగరు పోగొట్టెదను, కిడ్నీలు బాగుచేసెదను, మీ మాత్రలన్నియు నేటితో మానుడు అన్నవాని గుమ్మము తొక్కకుడు. నొప్పి, అందునను పాత నొప్పి, పార్శ్వపు తలనొప్పి, ఆపరేషను తరువాతి వాంతులు: ఇవియే దీనికి కొంత సాక్ష్యమున్న చోట్లు.

ఇంజనీరు: మన గుమ్మమున నిమ్స్ ఆసుపత్రి ఉండగా...

డాక్టరు: నిమ్స్ ముందు, సూది తరువాత. 1964లో ఎముకల ఆసుపత్రిగా పుట్టిన చోటది. నొప్పి ఏమో తేలకుండ సూది గుచ్చించుకొనుట తప్పు. జ్వరముతో వాచిన కీలు, రాత్రి నిద్ర లేపు నొప్పి, కారణము లేని బరువు తగ్గుదల, కాలు చచ్చుబడుట, మూత్రము పట్టు తప్పుట, ఇందులో ఏది యున్నను సూదులవైపు చూడరాదు. మీకు చూచినారు, ఎక్స్‌రే తీసినారు, అరుగుదలయని తేలినది గనుకనే నేనీ మాట అనుచున్నాను. వ్యాయామము మాత్రము మానరాదు, జర్మనీవారును మానలేదు.

ఇంజనీరు: ఎన్ని సిట్టింగులు?

డాక్టరు: వారమునకొకటి రెండు చొప్పున ఆరు. పోకముందు ఒక వారము, ఎర్రమంజిల్ మెట్రో మెట్లు ఆగకుండ ఎన్ని యెక్కగలరో, రోజుకెన్ని మాత్రలు మింగుచున్నారో డైరీలో వ్రాయుడు. ఆరు ముగిసిన పిమ్మట మరల వ్రాయుడు. ఆ రెండంకెలలో మార్పు లేదా, ఆపివేయుడు. వైద్యుడు బ్రతిమాలినను, మా అమ్మాయి అలిగినను వినకుడు.

ఇంజనీరు: పది సిట్టింగుల సొమ్ము ముందే కట్టిన రెండు ఉచితమని అక్కడి పిల్ల చెప్పినది. మా శాఖలో దానిని మొబిలైజేషను అడ్వాన్సు అందురు. తీసికొన్న కాంట్రాక్టరు పనిచోట మరల కనబడడు.

డాక్టరు: ఇయ్యకుడు. ఏ సిట్టింగు సొమ్ము ఆ సిట్టింగుకే యనుడు.